బొట్టు పెట్టి పిలిచిన బొమ్మ

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో అండాలమ్మ ఫ్రేముల షాపు ఎక్కడని అడిగితే టీకొట్టాయన చెయ్యి చూపించడు, చెవి పెట్టి వినమంటాడు. నిజమే. మలుపు తిరిగేసరికే ఆమె ఎవరినో ఒకరిని దులుపుతున్న గొంతు వినిపిస్తుంది. గీత పడ్డ అద్దం అంటగట్టినా, షాపు ముందు స్కూటర్ అడ్డం పెట్టినా ఆమె నోరు ఊరుకోదు. మనిషి మాత్రం మంచిది. ఆ మాట చెప్పేది కూడా తిట్లు తిన్నవాళ్లే.

నల్లగొండ పక్క పల్లె నుంచి మొగుడు మట్టయ్యతో వచ్చి ఆ షాపు పెట్టింది. మట్టయ్య పోయినప్పుడు చుట్టాలంతా చుట్టూ చేరి ఆమె బొట్టు తుడిచారు. మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ పెట్టుకుంది, మునుపటి కన్నా పెద్దది. ఇదేం పద్ధతి వదినా అని ఆడపడుచు అంటే, "నొసలు నాది" అని షాపు షట్టర్ లేపింది.

షాపులో ఆమెకొక అలవాటుంది. పోయినవాళ్ల ఫొటో అయితే అద్దం బిగించాక, చేతికిచ్చే ముందు అద్దం మీద నుదుటి దగ్గర కుంకుమ బొట్టు పెడుతుంది. బతికున్నవాళ్ల ఫొటోకు పెట్టదు. అద్దం కోసి కోసి ఆమె ఉంగరపు వేలు కొస వంకరపోయింది కాబట్టి, ఎంత కుదురుగా పెట్టినా ఆ బొట్టు కొంచెం ఎడమకు ఒరుగుతుంది. ఆ గల్లీలో ఏ ఇంటి గోడ మీద చూసినా అది అండాలమ్మ బొట్టని చెప్పేయొచ్చు.

సకల జనుల సమ్మె నడిచిన ఆ ఏడు ఆమె కుంకుమ భరిణె ఊరికే అడుగంటేది. వచ్చినవన్నీ పసి ముఖాలు. మీసం కూడా సరిగా రానివాళ్లు, తెలంగాణ రాదేమోనని ప్రాణం తీసుకున్నవాళ్లు. వాళ్ల నుదుట బొట్టు పెడుతుంటే అండాలమ్మకు ఏడుపు కాదు, ఒళ్లు మండిపోయేది. డిగ్రీ చదువుతున్న కూతురు సంధ్యారాణిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒట్టు వేయించుకుంది.

"కొట్లాడు బిడ్డా. రోడ్డు మీద కూసో, జైలుకు పో, నేను సద్ది కట్టుకొని ఒస్త. గాని నీ బొమ్మకు బొట్టు పెట్టే పని నాకు పెట్టకు."

సంధ్య నవ్వుతూనే చేతిలో చెయ్యి వేసింది. ఆ పిల్లకు భయం తక్కువ. చిన్నప్పుడు షాపులో అద్దం పలక జారి ఎడమ కాలి మీద పడి చిటికెన వేలి గోరు ఊడిపోయింది, మళ్లీ మొలవలేదు. అప్పుడు కూడా నా బిడ్డ కిక్కురుమనలేదని మట్టయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

సద్దుల బతుకమ్మ దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం భానుమూర్తి వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల సినిమా స్టూడియోలో సెట్టింగులకు రంగులు వేసి, పని మానేశాక ఎల్బీనగర్‌లోనే ఉండిపోయాడు. ఆ రోజుల్లో అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ ఏం మాట్లాడుకున్నా తిరిగి తిరిగి ఆ ఒక్క విషయం దగ్గరికే వచ్చేది.

"ఏం సారు, మీరింక పోలేదా?"

"మీరు పంపిస్తే వెళ్తానండి."

"నేనెందుకు పంపుత? మీరు పోతె గీ గల్లీల నా తిట్లు పడేటోళ్లు ఎవరు?"

ఆయన నవ్వుతూ చుట్టిన కాగితం విప్పాడు. గుప్పుమని వాసన వచ్చింది... తడిసిన బియ్యప్పిండి పులిసిపోతే వచ్చే వాసన.

కాగితం మీద ఒక ఆటగత్తె. లేత నీలం బట్టలు, చేతిలో ఆకుల కొమ్మ, సున్నం కొట్టినంత తెల్లని ముఖం. తల ఒక పక్కకు తిప్పి మధ్యలో ఆగిపోయింది. ఒక కన్ను తిన్నగా చూస్తుంటే ఇంకో కన్ను ముక్కు వైపు తిరిగి ఉంది. బట్ట అంచు కింద పాదాలు లేవు, ఉత్త కాగితమే.

"జపాన్ బొమ్మండి. స్టూడియోకి వచ్చిన పాత సామాన్లలో దొరికింది. చేత్తో గీసింది కాదు. చెక్క మీద చెక్కి, రంగులో బియ్యప్పిండి గంజి కలిపి, ఒక్కో రంగుకి ఒక్కో చెక్కతో అద్దుతారు, చీరల మీద అచ్చులు వేస్తారు చూడండి, అలాగ. కబుకీ అని వాళ్ల నాటకం. అందులో ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారు. ఈవిడా మగవాడేనండి."

"మా మేనమామ లచ్చయ్య గూడ గంతే. భాగోతంల సత్యభామ ఏషం కట్టిండంటె ఆడోళ్లు కుళ్లుకుందురు." ఆమె బొమ్మ దగ్గరికి వంగి చూసింది. "ఆ కన్నేంది గట్ల?"

"ఆట మధ్యలో పక్కనుండి రెండు చెక్కలు టక్కుమని కొడతారట. ఆ చప్పుడికి ఆడేవాడు శిలలా ఆగిపోయి కన్ను అలా తిప్పుతాడు. జనం కేకలేస్తారట." భానుమూర్తి గొంతు కొంచెం తగ్గించాడు. "పేరున్న ఆటగాడు పోతే జ్ఞాపకానికి ఇలాంటివి అచ్చువేసి అమ్మేవారని విన్నానండి. ఈ నీలం బట్టలు పోయినవాళ్లకి కట్టించేవట. పేరు రాసిన మూల చెదలు తినేసింది, ఎవరో తెలీదు. మా ఆవిడ ఈ వాసన భరించలేక ఇంట్లో పెట్టనివ్వట్లేదు. అద్దం వేస్తే ఆగుతుందేమోనని తెచ్చాను."

ఆయన వెళ్లాక ఆమె చట్రానికి చెక్క బీడింగ్ కోసి, అద్దం బిగించి, వెనక మేకులు కొట్టింది. అంతలో కరెంటు పోయింది. సింగరేణిలో బొగ్గు తవ్వేవాళ్లు కూడా సమ్మెలో ఉన్నారాయె, కరెంటు పోవడం అప్పుడు రోజూ ఉన్నదే. గుమ్మం వెలుతుర్లోనే పని ముగించింది. పోయినవాళ్ల బొమ్మ అని సారు చెప్పనే చెప్పాడు, చెయ్యి దానంతటదే భరిణె వైపు పోయింది. ఆ తెల్లని నుదుటి మీద ఎర్రగా బొట్టు పడేసరికి ముఖానికి ఒక కళ వచ్చింది. అండాలమ్మకు వేళాకోళం పుట్టింది.

"మంచిగున్నవ్ పో. సద్దులనాడు ఎల్బీనగర్ చౌరస్తల ఆడుతున్నం. నువ్వు గూడ రా."

మూల కూర్చుని గునుగు పూలకు రంగు అద్దుతున్న సంధ్య తల ఎత్తింది. "అమ్మా, బొట్టు పెట్టి పిలిచినవే."

అప్పుడు గానీ అండాలమ్మకు తట్టలేదు. మన దగ్గర నోటి పిలుపు వేరు, బొట్టు పిలుపు వేరు. నోటితో పిలిస్తే వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. బొట్టు పెట్టి పిలిస్తే రాక తప్పదు. వచ్చినదాన్ని కాదనే హక్కు పిలిచినదానికీ లేదు. మర్యాద చేసి, చేతిలో ఏదో ఒకటి పెట్టి, పోయి రా అని సాగనంపాలి.

"ఒస్తె ఏం జేస్తవ్?" అంది సంధ్య.

"ఒస్తె ఆడనీ. చౌరస్త మనదేనాయె."

షాపు వెనక చీకట్లో బీడింగులు నిలబెట్టిన వైపు నుంచి చప్పుడు వచ్చింది. టక్. ఎలుక కావచ్చనుకున్నారు ఇద్దరూ.

సద్దులనాడు పొద్దటి నుంచే పోలీసు జీపు తిరిగింది. చౌరస్తాలో గుంపు కూడితే లోపలేస్తామని మైకులో చెప్పారు. బస్సులు లేవు. అయినా కొత్తపేట నుంచీ చంపాపేట నుంచీ ఆడవాళ్లు నెత్తిన బతుకమ్మలతో నడిచే బయల్దేరారు. సంధ్య కాళ్లకు నిండుగా పసుపు రాసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా తంగేడు పూల బతుకమ్మ ఎత్తుకుంది. అండాలమ్మ షట్టర్ దించబోతూ లోపలికి ఒకసారి చూసింది. గోడకు ఆనించిన ఫ్రేములో నీలం రంగు కనిపించలేదు. తెల్లని కాగితం. నడుమ, ఎడమకు ఒరిగిన ఒక్క ఎర్ర బొట్టు... అద్దం మీద వెలుగు పడి అలా ఉందనుకుంది. అలా అనుకుంటేనే తాళం వేయడం కుదిరింది.

చౌరస్తాలో పోలీసులు తాడు కట్టి నిలబడ్డారు. "పర్మిషన్ లేదమ్మా, వెనక్కి పోండ్రి" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"బతుకమ్మకు పర్మిషన్ ఏంది సారు? మీ అమ్మ ఎవర్ని అడిగి ఆడింది?" అంది అండాలమ్మ. ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకూ ఎక్కడో ఒక అమ్మ ఉంది. అండాలమ్మ తాడు కింద నుంచి దూరింది. వెనకే అందరూ దూరారు.

బతుకమ్మలను రోడ్డు నడుమ దించి చుట్టూ నిలబడ్డారు. సంధ్య పాట ఎత్తుకుంది. మునిమాపు వేళ, వీధి దీపాలు వెలగాల్సిన సమయం, కానీ వెలగలేదు. పూల మీద పెట్టిన ఒత్తుల వెలుతురు ఒక్కటే ఉంది. వంగి, చప్పట్లు కొట్టి, ఒక అడుగు జరిగి... వలయం మెల్లగా తిరుగుతోంది. అండాలమ్మ ఒక వైపు, సంధ్య ఆవలి వైపు.

ముందు వాసన వచ్చింది.

తంగేడు వాసన, అగరొత్తుల వాసన, వాటి కింద నుంచి పాకుతూ ఇంకొకటి. పులిసిన బియ్యప్పిండి. అండాలమ్మ చెయ్యి చప్పట్ల మధ్య ఒక్క క్షణం తడబడింది. అప్పుడు వినిపించింది. అందరి చప్పట్లూ పడ్డాక, ఆలస్యంగా, ఇంకొక చప్పుడు. అది అరచేతుల చప్పుడు కాదు.

టక్.

సంధ్య పక్కన ఎవరో ఆడుతున్నారు. పొడుగ్గా ఉంది. లేత నీలం బట్టలు. తెల్లని ముఖం. నుదుటి మీద బొట్టు... ఎడమకు ఒరిగింది.

దెయ్యానికి కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పటి నుంచి విన్నదే కదా, అండాలమ్మ చూపు వెంటనే కిందికి పోయింది. వెనక్కీ లేవు, ముందుకీ లేవు. అసలు కాళ్లే లేవు. నీలం అంచు రోడ్డుకు జానెడు ఎత్తున ఆగిపోయింది. దాని కింద నుంచి అవతలి బతుకమ్మ దీపం కనిపిస్తోంది.

టక్.

సంధ్య ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. తల ఒక పక్కకు తిరిగింది. ఒక కన్ను తిన్నగా చూస్తోంది. ఇంకో కన్ను మెల్లగా... ముక్కు వైపు...

పక్కనున్నవాళ్లు ఇదేదో కొత్త ఆట అనుకున్నారు. నవ్వుతూ వాళ్లూ ఆగారు. మళ్లీ చప్పుడు, మళ్లీ కదిలారు. మళ్లీ చప్పుడు, మళ్లీ ఆగారు. ఆగిన ప్రతిసారీ సంధ్య ముఖం మీద రంగు ఒక పొర తగ్గుతోంది. చామనచాయ పిల్ల బూడిద రంగుకు వచ్చింది. పాట ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియలేదు.

తన బిడ్డ బొమ్మైపోతోంది. కళ్ల ముందే, తను పిలిచిన పిలుపుకే. అండాలమ్మకు కోపం పుట్టింది. ఆడుతుండగా వలయం తెంచరాదంటారు. తెంచింది. బతుకమ్మల మధ్య నుంచి నడిచి పోయి ఆ తెల్లని ముఖం ముందు నిలబడింది.

"నా బిడ్డను ఇడువు." గుసగుసగా అంది.

ఆ తల మెల్లగా ఆమె వైపు తిరిగింది. కాగితం మడత పడ్డ చప్పుడైంది.

"పిలిచింది నేను. గా పోరి కాదు. ఆడేదుంటె నాతోని ఆడు."

చప్పట్లు కొట్టింది. వంగింది. జరిగింది. ఎదురుగా నీలం బట్టలు కూడా జరిగాయి... గాలి కూడా లేకుండా.

టక్.

మోకాళ్లు బిగుసుకుపోయాయి. లోపల నుంచి ఎవరో దారం కట్టి లాగినట్టు కుడి కన్ను ముక్కు వైపు గుంజింది. కానీ అండాలమ్మ బతుకంతా సుత్తీ చెక్కా చప్పుడులోనే గడిచింది. మేకు మీద దెబ్బ పడ్డప్పుడు ఉలిక్కిపడితే అద్దం పగులుతుంది, వేలు తెగుతుంది. చప్పుడుకు ఆగని చెయ్యి ఆమెది. ఆ చెయ్యి ఆగలేదు. ఒక చరుపు. ఇంకొక చరుపు. చెక్కలు ఇంకా గట్టిగా మోగాయి. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. అరచేతులు మండుతున్నాయి. కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. "కొట్టు," అంది పళ్ల బిగువున. "ఎంతసేపు కొడతవో కొట్టు."

ఆ పిండి ముఖం మీద సన్నని గీత పడింది. చెక్కల చప్పుడు ఒకసారి తాళం తప్పింది. ఆ తర్వాత రాలేదు. నీలం బట్టలు కదలకుండా నిలబడ్డాయి.

అండాలమ్మ కొంగు చేతిలోకి తీసుకుంది. ఆ బొట్టు తుడిచేస్తే పిలుపే ఉండదు, పీడ విరగడైపోతుంది. చెయ్యి ఎత్తింది. ఎదురుగా ఉన్నది వెనక్కి జరగలేదు. తుడిపించుకోవడానికే అన్నట్టు తల వంచింది. అచ్చం అలాగే తనూ ఒకనాడు తల వంచి కూర్చుంది. చుట్టూ చేతులు, నుదుటి మీద ఆ తడి గుడ్డ... ఆమెకు మళ్లీ ఒళ్లు మండింది, ఈసారి దెయ్యం మీద కాదు.

కొంగు వదిలేసింది. "ఎవ్వరి బొట్టు నేను తుడవను. నీది గూడ."

బతుకమ్మ పక్కనున్న తాంబాళంలోంచి ప్రసాదం సత్తుపిండి పిడికెడు తీసి ఆ చేతిలో పెట్టింది. చెయ్యి తడి కాగితంలా చల్లగా ఉంది. "పిలిచిన, ఒచ్చినవ్, ఆడినవ్. మర్యాద జేసిన. ఇగ..." పోయి రా అనే మాట నాలుక కొస దాకా వచ్చింది. పుట్టినప్పటి నుంచి గడప దాటేవాళ్లందరితో అన్న మాట. రా అంటే మళ్లీ పిలిచినట్టే. అండాలమ్మ పెదవి కొరికి సగం మాటను మింగేసింది.

"పో."

నీలం బట్టలు వెనక్కి తిరిగాయి. తాడు దాటి, పోలీసుల మధ్య నుంచి, దిల్‌సుఖ్‌నగర్ వైపు రోడ్డు మీదికి సాగిపోయాయి. ఒక్క పోలీసూ తల తిప్పలేదు. సంధ్య పెద్దగా ఊపిరి తీసుకుంది. కన్ను తిన్నగైంది. నిద్రలోంచి లేచినట్టు చుట్టూ చూసింది. ఎవరో ఒకామె ఒంటరిగా పోతోంది, పండుగ పూట ఎవరూ సాగనంపడం లేదు. మర్యాద తెలిసిన పిల్ల, తల్లి పెంపకం.

"పోయి రా అక్కా," అంది.

చీకట్లోంచి, చాలా దూరం నుంచి, జవాబు వచ్చింది. టక్.

అండాలమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది, వెచ్చగానే ఉంది. ఆడవాళ్లంతా ఏమైందన్నట్టు చూస్తున్నారు. "ఏం జూస్తున్నరు? పాటెత్తుండ్రి," అంది. సరూర్‌నగర్ చెరువులో బతుకమ్మలను వదిలేదాకా ఆ రోజు ఎవరూ ఇళ్లకు పోలేదు, పోలీసులు ఎంత చెప్పినా.

మర్నాడు షాపు తీసేసరికి ఆటగత్తె ఫ్రేములోనే ఉంది. అండాలమ్మ దాని వైపు చూడకుండా పని పెట్టుకుంది. అద్దాలు కోస్తూ కూర్చుంటే కింద గాజు పెంకులు పరుచుకున్నాయి. భానుమూర్తి వచ్చి, చెప్పులు మెట్టు దగ్గర విడిచి, పెంకులు చూసి మళ్లీ వేసుకున్నాడు. అడుగు వేస్తే కరకరమని చప్పుడైంది.

ఫ్రేము చేతికి తీసుకుని గోటితో అద్దం గీకాడు. "బొట్టు లోపల పెట్టారేంటండీ? కాగితం మీద?"

ఆమె ఇంకో అద్దం మీద గీత గీసింది. ఆయన ఇంకొంచెం వంగాడు. గొంతు మారింది.

"అండాలమ్మగారూ... ఈ కాళ్లు... ఇదివరకు లేవు కదండీ."

నీలం అంచు కింద రెండు పాదాలు. నిండుగా పసుపు రాసి ఉన్నాయి. అండాలమ్మ దగ్గరికి వచ్చి చూసింది. ఎడమ పాదం చిటికెన వేలికి గోరు లేదు.

"తీసుకెళ్లి కాల్చేస్తానండి," అన్నాడు ఆయన గుసగుసగా.

"కాలిస్తె కాళ్లు గూడ కాల్తయ్ గద సారు." ఫ్రేము ఆయన చేతిలోంచి తీసుకుంది. తను కూర్చునే చోటికి ఎదురుగా, మట్టయ్య ఫొటో పక్కన మేకు కొట్టి తగిలించింది. మేకు దెబ్బకు రెప్ప కూడా వేయలేదు. తర్వాత ఆ తిరిగిన కన్నులోకి చూస్తూ మాట్లాడింది.

"నేను పొమ్మన్న. నా బిడ్డ పోయి రమ్మన్నది. మాట మాటే. వచ్చే సద్దులకు నువ్వు రావాలె. ఉత్త చేతుల్తోని రాకు. తీస్కపోయినయి తెచ్చి ఈడ పెట్టు, అప్పుడు ఆడుదం. రాకపోతె నేనే ఒస్త. చెక్కలు ఎవరు గట్టిగ కొడతరో సూస్కుందం."

బొమ్మ కదల్లేదు. గల్లీలో నినాదాలు మొదలయ్యాయి, ఊరేగింపు డిపో వైపు పోతోంది.

"అమ్మా."

సంధ్య సరిగ్గా వెనకాలే నిలబడి ఉంది. గుమ్మం నుంచి అక్కడిదాకా నేలంతా గాజు పెంకులే. ఒక్క పెంకు కూడా చప్పుడు చేయలేదు. భానుమూర్తి చూపు కిందికి పోయింది. గోడను పట్టుకుని, వస్తానని కూడా అనకుండా బయటికి నడిచాడు.

"ఏంది గట్ల చూస్తున్నవ్?" అంది సంధ్య.

"ఏం లేదు బిడ్డా. బువ్వ తిన్నవా?"

"తిన్న. ఊరేగింపుకు పోతున్న."

"పోయి రా," అంది అండాలమ్మ. కూతురి ముఖమే చూస్తూ అంది. ఆ పిల్ల గుమ్మం దాటి గుంపులో కలిసేదాకా, ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.